కంచి బస్సు వేలూరులో ఆగినప్పుడు

మా అమ్మ గుండెపోటుతో పోయిందని మా అన్న చెప్తాడు. బంధువులంతా అదే చెప్తారు. నిద్రలోనే పోయింది, పుణ్యాత్మురాలు, ఎవరిచేతా చేయించుకోలేదు అని దానికొక తోక కూడా తగిలిస్తారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. గుండె ఆగకుండా చచ్చిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే చూపించండి, నేను నోరు మూసుకుంటాను. ఇక ఎవరిచేతా చేయించుకోలేదన్నది రెండో అబద్ధం. చివరి రెండు నెలలు ఆమె రొమ్ము మీది పుండుకు కట్టు మార్చింది నేను. అయినా ఇరవై ఒక్క ఏళ్లుగా ఈ గుండెపోటు కథకు నేనూ తల ఊపుతూనే ఉన్నాను. ఊపడమేమిటి, ఆ కథ కట్టిందే నేను.

పోయిన నెల మా చెల్లెలు రేణిగుంట నుంచి ఫోను చేసి, రొమ్ములో ఏదో గట్టిగా తగులుతోంది, తోడు రమ్మంది. తిరుపతిలోనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ చిన్నపిల్ల. కంప్యూటరు వంక చూస్తూ వరసగా ప్రశ్నలడుగుతోంది. "మీ అమ్మకు గానీ, అమ్మమ్మకు గానీ రొమ్ము క్యాన్సరు వచ్చిందా?" మా చెల్లెలు తడుముకోకుండా, "మా ఇంట్లో అట్లాంటిదేం ల్యా మేడం. మా అమ్మది గుండెపోటు" అంది. ఆ పిల్ల 'లేదు' అన్న గడి నొక్కేసింది. నేను బస్సు కండక్టర్లతో, కూరగాయలవాళ్లతో, మా ఆయన తరపు వాళ్లందరితో గొంతెత్తి పోట్లాడి గెలిచినదాన్ని. అక్కడ మాత్రం ఆ గడినే చూస్తూ కూర్చున్నాను. షుగరుందా, ఎన్ని కాన్పులు అని ఇంకో రెండు ప్రశ్నలు గడిచాక అన్నాను: "ఆ గడి మార్చమ్మా. మా అమ్మకు ఉండింది." మా చెల్లెలు తల తిప్పి నన్ను చూసింది. కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

అప్పట్లో మేం చిత్తూరులో ఉండేవాళ్లం. చెల్లెలికి సంబంధం కుదిరింది. మా వైపు సంబంధం ఖాయమయ్యే ముందు మగపెళ్లివారి మనిషి ఒకడు మన వీధిలోకి వస్తాడు. అంగట్లో ఒక సోడా కొట్టించుకుని, ఫలానా వాళ్లింట్లో ఎవరికైనా పెద్ద జబ్బులున్నాయా అని తీరిగ్గా ఆరా తీస్తాడు. వాడు వచ్చింది అందుకేనని వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ పరీక్ష మేం పాసయ్యాం. పది రోజుల తర్వాత, తల ఆరబెట్టుకుంటున్న అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి నా చెయ్యి తీసుకుని తన రొమ్ము పక్కన పెట్టుకుంది. చింతగింజంత గట్టిది వేళ్ల కింద జారింది. "దీపావళి నుంచి ఉండాది మేయ్. నొప్పేం ల్యా. చీరలకు కంచికి పోతాము గదా, దావలో వేలూర్లో దిగి సూపించుకోని పోదామా?" అంది.

నేను జువాలజీ చదివినదాన్ని. వంశపారంపర్యం గురించి పరీక్షలో పేజీలకు పేజీలు నింపినదాన్ని. అంత చదువుకున్నదాన్ని నేను అన్న మాట ఇది: "వేలూరా! ఆడ యే ఆస్పత్రిలో సూసినా సగం మంది మన చిత్తూరోళ్లే కూసోనుంటారు. మగపెండ్లోళ్లు ఒక్కరు సూసినా లగ్నం నిలిచిపోతాది. పెండ్లి కానీమా, నేనే పిల్చుకోని పోతా." అమ్మ నాతో వాదించలేదు. నాతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు గదా, అదే ఆమె ప్రాణం మీదికి వచ్చింది.

కంచి బస్సు వేలూరు స్టాండులో ఆగింది. డ్రైవరు టీకి దిగాడు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మ సంచీ చంకన పెట్టుకుని సగం లేచింది. నేను ఆమె ముఖంలోకి చూశాను. "కాళ్లు పట్టుకున్యాయి" అని మళ్లీ కూర్చుంది. కంచిలో నేను వచ్చీరాని తమిళంతో రెండు గంటలు బేరమాడాను. అంగడాయన విసుగొచ్చి, నన్ను చల్లబరచడానికి కలర్ సోడా తెప్పించాడు. ఆ రెండు గంటలు వేలూరులో దిగి ఉంటే చాలేవి. పెళ్లి అయింది, ఆషాఢం అయింది, చెల్లెలికి కడుపొచ్చింది, అప్పుడు హోసూరులో ఉన్న అత్తగారింట్లో దాన్ని మంచం దిగొద్దన్నారు. అమ్మను వేలూరు తీసుకెళ్లేసరికి అక్కడి డాక్టరు, ఇన్నాళ్లు ఏం చేశారని నన్నే అడిగాడు. కడుపుతో ఉన్నదానికి ఆ మాట చేరకూడదని మా అన్నా, నేనూ కలిసి షుగరు పుండన్నాం, తర్వాత గుండెపోటన్నాం. బిడ్డ పుట్టాక చెప్పొచ్చు. చెప్పలేదు. చెప్తే, ఎందుకు ఆలస్యమైందని అడుగుతుంది గదా.

ఆస్పత్రి వరండాలో చెల్లెలు అడగనే అడిగింది. నేను దాచకుండా చెప్పాను. అది ఏడవలేదు. "నా పెండ్లి కోసరం అమ్మను ఆపినావని నేను అనడంల్యా అక్కా. ఇన్నేండ్లు నన్నెందుకు ఆపినావు? తెలిసుంటే యేడాదికొకసారి నేను సూపించుకోనుందును గదా?" సూది పరీక్షలో అదే జబ్బని తేలింది. ఇంకా చిన్నదేనన్నారు, ఆపరేషన్ అయింది. చెల్లెలు నాతో మాట్లాడుతూనే ఉంది, కానీ నాలుగు మాటల చోట రెండే మాట్లాడుతోంది.

అందుకని నేనొక నూరు పేజీల నోటుబుక్కు కొన్నాను. మనిషికొక పేజీ. ఏ జబ్బు, ఏ వయసులో, ఎన్నాళ్లు దాచారు, ఎవరు దాచారు. అమ్మ పేజీలో చివరి గడిలో నా పేరు రాశాను. మా అన్న ఫోనులో అరిచాడు: "ఇయ్యన్నీ పుస్తకంలో రాస్తారా యాడన్నా? రేపు నా కూతుర్లను ఎవుడు చేసుకుంటాడు?" "చేసుకునేవాడు చేసుకుంటాడు. మొదలు వాళ్లు బతికుండాల గదన్నా" అన్నాను. ఫోను పెట్టేశాడు. రెండు రోజులు పోయాక, ఒక్క ముక్క మాట లేకుండా, తన బీపీ మాత్రల అట్ట ఫోటో తీసి పంపాడు. రాసుకున్నాను.

అమ్మను కన్న అవ్వ పేజీకి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. ఐరాలలో ఉన్న పెద్దమ్మకు ఫోను చేశాను. "మా అమ్మకా? జబ్బేం ల్యా పాప. రైకలోపల ఎప్పుడూ ఆముదపాకు కట్టుకోనుండె. ఏమ్మా ఇది అంటే వేడిగడ్డలే అనె. మీ అమ్మ పెండ్లయిన ఆర్నెల్లకే పాయె" అంది. ఆ మాటలు అట్లాగే అవ్వ పేజీలో రాసుకున్నాను. కాలం గడిచిపోయిందని ఊరికే అంటాం గానీ, మా ఇంట్లో అది ఒక పెళ్లి నుంచి ఇంకో పెళ్లికి వాయిదా పడుతూ వచ్చింది, అంతే. ఇప్పుడు నాకు తెలియాల్సింది ఒక్కటే, అది పెద్దమ్మకూ తెలీదు, చెప్పడానికి ఇంకెవరూ మిగల్లేదు: కూతురి పెళ్లి అయ్యేదాకా ఆగమని అవ్వకు కూడా నాలాంటిది ఎవతైనా చెప్పిందా, లేక ఎవరూ చెప్పకుండానే ఆమె ఆగిపోయిందా?