ఇసుక మామ తెల్లచెక్క

పొద్దున్నే గ్రౌండు గేటు తాళం తీయగానే ఇసుక మామ చేసే మొదటి పని చెప్పులు విప్పడం. చెప్పుల జత గోడవార పెట్టి, వట్టి కాళ్ళతో లాంగ్‌జంప్ పరుగుబాట మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడిచేవాడు. గాజుపెంకో, ముల్లో ఉంటే అది ముందు తన కాలికే గుచ్చుకోవాలని. తర్వాత ఇసుక గుంటలోకి దిగి, పారతో ఇసుకంతా తిరగేసి, మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో వెతికేవాడు. అంతా అయ్యాక అరచెయ్యి ఇసుక మీద ఆనించి, "స్వామీ, ఇవాళ ఇందులో పడే పిల్లలందర్నీ నువ్వే పట్టుకో" అని లేచేవాడు. ఏ స్వామి మామా అని ఎవరైనా అడిగితే, "పిలిస్తే పలికేవాడు" అనేవాడు. అంతకన్నా వివరం ఆయన దగ్గర లేదు.

ఆ స్కూల్లో గ్రౌండు చూసుకోవడం ఆయన ఉద్యోగం. అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. పిల్లలు ఇసుక మామ అన్నారు, పెద్దలూ అదే అందుకున్నారు. భార్య ఇంట్లో బట్టలు కుట్టేది. ఆమె మిషనత్త.

"ఆ ఇసుకని దువ్వినంత శ్రద్ధగా ఒక్కనాడైనా నీ తల దువ్వుకున్నావా?" అనేది మిషనత్త.

"తలలో ఎవరూ దూకరు కదే" అనేవాడు మామ.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పాకే వయసు నుంచీ ఆ గుంటలోనే ఆడింది. కాస్త పెద్దయ్యాక ఒకరోజు పరుగెత్తుకొచ్చి దూకితే, డ్రిల్లు మేష్టారు నోట్లోని విజిల్ జారిపోయింది. "ఇది పిల్ల కాదు మామా, మిడత!" అన్నాడాయన. ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు మిడత.

దూకేవాళ్ళు కాలు మోపి ఎగరడానికి పరుగుబాట చివర నేలలో ఒక తెల్లచెక్క పాతి ఉంటుంది. మిడత పై తరగతులకు వచ్చిన ఏడు, వానలకు నాని ఆ చెక్క పుచ్చిపోయింది. అదే రోజుల్లో పిల్లకి మడమ నొప్పి పట్టుకుంది. రోజూ సాయంత్రం మిషనత్త వేడిగుడ్డతో కాపడం పెడుతుంటే, మిడత పెదవి కొరుక్కుని ఊరుకునేది. పిల్ల ఏడ్చి ఉంటే మామకి అంత బాధ ఉండేది కాదు. ఏడవకపోవడం చూడలేకపోయాడు.

భార్య కుట్టుమిషను అదరకుండా దాని కాళ్ళ కింద పాత టైరు ముక్కలు పెట్టింది తనే. అది గుర్తొచ్చింది. కొత్త చెక్క తెచ్చి, చిత్రికపట్టి నున్నగా చేసి, అడుగున రెండు చివర్లా టైరు ముక్కలు మేకులతో బిగించి, నేలకు సమంగా పాతి, పైన తెల్లరంగు వేశాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. ఇంట్లో తలుపు కిర్రుమంటే నూనె వేసినవాడు ఊరంతా చెప్పుకు తిరుగుతాడా?

మిడత మడమ నొప్పి తగ్గింది. నొప్పి తగ్గడమే కాదు, దూకే దూరం కూడా పెరిగింది. చుట్టుపక్కల పోటీలన్నీ ఈ గ్రౌండులోనే జరిగేవి. వాటికి వచ్చిన వేరే స్కూళ్ళ పిల్లలు కూడా, మా గ్రౌండులో కన్నా ఇక్కడే దూరం దూకుతున్నాం అనుకునేవాళ్ళు. "మామ ఇసుకలో ఏదో మహిమ ఉందిరా" అని నవ్వుకునేవాళ్ళు. మామ చేతులు దులుపుకుంటూ, "నాదేముంది, పైవాడి దయ" అనేవాడు గానీ, లోపల్లోపల కాస్త పొంగేవాడు. ఇన్నేళ్ళ చాకిరీకి దేవుడు ఇసుకలో దీవెన కలిపాడనే నమ్మాడు.

మిడతకి ఒక చదువు మీద మనసు. పక్షవాతం వచ్చి, కాళ్ళు విరిగి, నడక పోయినవాళ్ళను మళ్ళీ నడిపించే చదువు. అది బాగా చెప్పేది పెద్ద యూనివర్సిటీలో. అక్కడ సీటంటే సూదిబెజ్జంలోంచి ఏనుగును లాగడమే.

"మార్కులు బానే ఉన్నాయమ్మా. కానీ అలాంటి మార్కుల వాళ్ళు అక్కడ వరసలో వేలమంది" అన్నాడు డ్రిల్లు మేష్టారు ఒక సాయంత్రం, వాళ్ళ వాకిట్లో స్టూలు మీద కూర్చుని. "మార్కులు నిన్ను గుమ్మం దాకా తీసుకెళ్తాయి. తలుపు తీయాల్సింది నీ దూకుడే. ఆటల వాళ్ళకని గుప్పెడు సీట్లు పక్కన పెడతారు. నీ కొలతలు పంపాను. కోచ్ మేడం స్వయంగా రమ్మన్నారు."

మిషనత్త మిషను ఆపి, దండం పెట్టుకుంది. మామ మేష్టారికి రెండోసారి కూడా మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"దాహం నాకు కాదు మామా, నీకు. నువ్వే తాగు" అన్నాడు మేష్టారు.

ఆ రోజు రానే వచ్చింది. యూనివర్సిటీ గ్రౌండు అద్దంలా ఉంది. మామ కళ్ళు ముందు ఇసుక మీదికే వెళ్ళాయి. మంచి ఇసుక. ఎవరో పుణ్యాత్ముడు పొద్దున్నే దువ్వినట్టున్నాడు అనుకుని, ఆ కనపడని మనిషికి మనసులోనే నమస్కారం చేశాడు.

మిడత పరుగెత్తింది. చెక్క మీద కాలు పడగానే 'టక్' మంది. మామ ఉలిక్కిపడ్డాడు. ఎందుకో తెలియలేదు. పిల్ల గాల్లోకి లేచింది గానీ, లేవాల్సినంత లేవలేదు. ముందే పడిపోయింది. రెండోసారి ఇంకా ముందే. మూడోసారి కాలు మోపిన క్షణంలో ముఖం ముడుచుకుపోయింది. ఇసుకలోంచి లేచి కుంటుతూ వచ్చి, ఎవరి వైపూ చూడకుండా బూట్లు విప్పుకుంది.

కోచ్ మేడం నెరిసిన జుట్టున్న మనిషి. కోపిష్ఠి కాదు. డ్రిల్లు మేష్టార్ని పక్కకు పిలిచి నెమ్మదిగానే మాట్లాడింది. కానీ ఖాళీ గ్రౌండులో నెమ్మది మాట కూడా నడిచొస్తుంది.

"మేష్టారూ, మీరు పంపిన కొలతకీ దీనికీ పోలికే లేదు. తడబాటు వల్ల కాస్త తగ్గుతారు, నాకు తెలుసు. ఇది ఆ తేడా కాదండీ. పిల్లల మీద ప్రేమతో టేపు సాగదీసేవాళ్ళని చాలామందిని చూశాను. అలా చేస్తే దెబ్బ తినేది పిల్లలే."

మేష్టారి ముఖం ఇటుకరంగు తిరిగింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మిడత చాలా దూరం వచ్చాక అడిగింది. "నాన్నా, సారు టేపు సాగదీశారా?"

"ఛ! ఆయన అలాంటివాడా తల్లీ?"

"కాదు. అయితే ఇన్నాళ్ళూ నేను దూకింది ఏంటి మరి?"

వెనక సీటులో ముసలామె ఒకతె పిల్ల చెంపలు తడవడం చూసి, తన చేతిరుమాలు ముందుకు చాపింది. దిగేటప్పుడు తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకో అమ్మా" అంది.

ఆ తర్వాత మిడత బూట్లు అటకెక్కాయి. ఆ చదువు మాట ఎత్తితే, "అబద్ధం కొలతల వాళ్ళకి ఎందుకమ్మా అవన్నీ" అని గోడవైపు తిరిగి పడుకునేది. వేరే కాలేజీలకు వెళ్ళమంటే ఊ అనదు, ఆ అనదు. స్కూల్లో ఎవరో, "వాళ్ళ టేపు కూడా మామ ఇసుకలాగే మెత్తనంట" అన్నారు. డ్రిల్లు మేష్టారు విజిల్ ఊదడం మానలేదు గానీ, ఆ ఊదడంలో మునుపటి బలం లేదు.

ఒక పొద్దున మామ ఎప్పట్లాగే వట్టికాళ్ళతో పరుగుబాట మీద నడుస్తున్నాడు. పాదం తెల్లచెక్క మీద పడింది. ఆగిపోయాడు. వెనక్కి వచ్చి మళ్ళీ తొక్కాడు. 'డుబ్' మంది. ఇక్కడ 'డుబ్', అక్కడ 'టక్'. ఈసారి గట్టిగా తొక్కాడు. చెక్క కొంచెం కిందికి దిగి, పాదాన్ని పైకి నెట్టింది, ఎత్తుకున్న పిల్లని ఎగరేసినట్టు.

ఇన్నేళ్ళుగా రోజూ ఇదే కాలు, ఇదే చెక్క. ముల్లు కోసం వెతికే కాలికి మెత్తదనం తప్పుగా తోచలేదు.

గడ్డపార తెచ్చి చెక్క పెకలించాడు. కింద టైరు ముక్కలు నల్లగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ రోజు స్వామిని పిలవలేదు. పిలవడానికి ముఖం చెల్లలేదు.

మేష్టారికి చూపిస్తే, ఆయన టైరు ముక్కను వేలితో నొక్కి నొక్కి చూసి, నవ్వలేక నవ్వాడు. "నీ ప్రేమే మన కొంప ముంచింది మామా" అన్నాడు. అని, ఆ చేత్తోనే మామ భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది మామకి.

ఇంటికొచ్చి చెబితే మిషనత్త పెడల్ మీద కాలు తీసి, మిషను కింది టైరు ముక్కల వైపు చూసింది. "నువ్వేం కావాలని చేశావా" అంది.

"కావాలనే చేశానే. నొప్పి పుట్టకూడదని కావాలనే చేశాను."

మిడత మాత్రం నమ్మలేదు. చెక్క ముందు పెట్టి, నొక్కి చూపించినా నమ్మలేదు. "నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నావు నాన్నా. చిన్నప్పుడు నేను పడితే నేలని కొట్టి, నేలదే తప్పు అనేవాడివి. ఇప్పుడు చెక్కని కొడుతున్నావు, అంతేగా?"

మర్నాడు మామ ఆ చెక్కను గోనెపట్టాలో చుట్టి, భుజాన వేసుకుని బస్సెక్కాడు.

"ఏంటి పెద్దాయనా, తలుపు ఊడదీసుకుని వెళ్తున్నావా?" అన్నాడు కండక్టరు. మామ ముఖం చూశాక, తన సీటు పక్కన జాగా చేసి చెక్కను తనే ఆనించాడు. యూనివర్సిటీ గేటు దగ్గర కాపలా మనిషి ముందు వద్దన్నాడు, తర్వాత చెమట చూసి నీళ్ళిచ్చాడు, ఆ తర్వాత తనే ఒక కొస పట్టుకుని గ్రౌండు దాకా మోశాడు.

కోచ్ మేడం ఆయన్ని వెంటనే గుర్తుపట్టలేదు. మామ చెక్కను నేలమీద పరిచి, చెప్పులు విప్పి, పక్కకు జరిగాడు. "ఒక్కసారి దీనిమీద కాలు వెయ్యండమ్మా."

ఆమె వేసింది. చెక్క కిందికి దిగి లేచింది. ఆమె కళ్ళు చెక్క మీదే ఆగాయి. వంగి, అడుగున చెయ్యిపెట్టి తడిమింది. మామ మడమ నొప్పి సంగతీ, కుట్టుమిషను సంగతీ మొదట్నుంచీ చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"మీ మేష్టారికి నేను క్షమాపణ చెప్పుకోవాలి" అంది. "కానీ సీట్లు అయిపోయాయి పెద్దాయనా. ఒకసారి చూసిన పిల్లని మళ్ళీ చూడటం ఇక్కడ పద్ధతిలో లేదు. నా చేతుల్లో ఏమీ లేదు" అంది.

"సీటు కోసం రాలేదమ్మా. ఆ సీటు వచ్చిన బిడ్డ ఎవరో, చల్లగా ఉండాలి." మామ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "నాకు ఒక్క సాయం చేసిపెట్టండి. మా అమ్మాయికి మీరొకసారి ఫోన్ చెయ్యండి. అబద్ధం ఆడింది ఈ చెక్క గానీ నువ్వు కాదమ్మా అని చెప్పండి. నేను చెప్తే నమ్మట్లేదు. తండ్రి మాట కదా, మెత్తగా ఉందనుకుంటోంది. మీరైతే కాస్త గట్టిగా చెప్తారు."