ఖాదర్ పేరు రాసిన సీసా

ఇన్నేళ్లుగా నేను బరువు మోశానని ఎవరైనా అంటే ఒప్పుకోను. మోసినవాడు ఖాదర్. నేను దాచాను, అంతే. మీకు చెబుతున్నాను. జాలి పడకండి.

పెనుకొండలో మా ఇంటికి ఒకప్పుడు పేరుండేది. భూములన్నీ పోయాక, తొంభైలలో, ఊరికి చాలా దూరంగా ఉన్న యురేనియం శుద్ధి కర్మాగారంలో సూపర్‌వైజర్‌గా చేరాను. హిందూపురం ఖాదర్‌ను పనికి పిలిపించింది నేనే. పసుపుపచ్చ పొడిని ఎండబెట్టి డ్రమ్ముల్లో నింపే గదిలో అతనంత పనిమంతుడు లేడు.

ఆ దుమ్ము ఒంట్లోకి ఎంత చేరిందో చూడడానికి అందరూ సీసాల్లో మూత్రం పట్టి ఇవ్వాలి. ఎక్కువ తేలినవాణ్ణి ఆ గదిలోకి రానివ్వరు. ఒకసారి ఖాదర్‌కు ఎక్కువ తేలింది. మళ్లీ పరీక్ష చేస్తామన్నారు. అతను లేకపోతే నా షిఫ్టు కుంటుపడుతుంది, మా తాత ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ల మనవళ్లే అక్కడ నాకు పైఅధికారులు, వాళ్ల చేత నేను మాట పడాలి. సీసాలు పోగుచేసి పరీక్షకు పంపేది నేనే. అతని సీసా పారబోసి నాది నింపాను. నేను ఆ గది బయట కూర్చునేవాణ్ణి, నాది ఎప్పుడూ బాగానే ఉండేది. ఆ తర్వాత ప్రతిసారీ అదే చేశాను. అతను తాగిన గ్లాసు ముట్టని నేను!

తెలియక చేశానా? కాదు. ఆ దుమ్ము మూత్రపిండాలను ఏళ్ల తరబడి తినగలదని నాకు నేర్పారు.

"నాది ఎట్ల ఉండాది సామీ?" అని ఒకరోజు అడిగాడు.

"శుభ్రంగా ఉండాది. పోయి పని చూసుకో పో."

"ఇంత దుమ్ము మింగుతాన్నా శుభ్రమా? అయితే అది యా దొరదో అయ్యుంటాది సామీ."

నవ్వాడు. అనుమానించాడా? నమ్మాడా? ఏది నాకు ఎక్కువ సిగ్గో ఇప్పటికీ తేల్చుకోలేను.

కొన్నేళ్లకు మూత్రపిండాలు చెడి, ధర్మవరంలో కూతురింట్లో పోయాడు. అతని పరీక్షలన్నీ బాగున్నాయి, ఇది పని వల్ల వచ్చిన జబ్బు కాదని ఆఫీసు వాళ్లు అతని భార్య షరీఫాబీని తిప్పి పంపారు. ఆ దుమ్ము వల్లే పోయాడని నేను రుజువు చేయలేను. రుజువును పారబోసింది నేనే.

ఇన్నేళ్లకు నిజం చెప్పేస్తానంటే, వంశం పరువు పోతుందని మా అన్న అన్నాడు. పోనీ. ఆఫీసుకు వెళ్లి చెప్పాను. మతి చెడినవాణ్ణి చూసినట్టు చూశారు. చెడలేదు.

తర్వాత హిందూపురం వెళ్లి షరీఫాబీకి చెప్పాను. క్షమించమని అడగలేదు. ఆమె ఒక్కటే అడిగింది.

"కోర్టులో కూడా ఇదే మాట చెప్తావా?"

"చెప్తాను."

తలుపు వేసుకుంది. వీధిలోకి వచ్చాక గుండె తేలికపడింది. దానికి నాకు హక్కు లేదేమో. అయినా తేలికపడింది.