మూడో నాడు కలపని ఆవకాయ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఎల్బీనగర్ చౌరస్తాలో బండ్లన్నీ ఆపింది జెండాలు కావు, సూర్యప్రభ ఆవకాయ ఘాటు. సరే, బండ్లన్నీ అనడం కొంచెం ఎక్కువే. ఒక ఆటో ఆగింది. డ్రైవరు తుమ్మి తుమ్మి దాన్ని పక్కకు తీశాడు.

సూర్యప్రభది భీమవరం. గడ్డిఅన్నారంలో నల్లగొండ అండాలమ్మ ఇంట్లో పై వాటాలో అద్దెకుండేది. ఇంట్లోనే ఆవకాయ పెట్టి అమ్ముతానంటే భర్త త్రినాథరావు పేపరు దించకుండానే అన్నాడు:

"ఇంత గొడవలో ఆంధ్రా పచ్చడి ఎవడు కొంటాడే? జాడీలు పగలగొట్టి పోతారు."

అండాలమ్మ మాత్రం కింద వరండా ఖాళీ చేసి ఇచ్చింది.

"కొట్లాట రాష్ట్రం కోసం సూర్యమ్మా. నీ తొక్కుతోని మాకేం పంచాయితి?"

ఇద్దరూ కలిసి ముక్కలు కొట్టారు, కారం, ఆవపిండి కలిపారు. ఆవకాయను మూడో నాడు తిరగగలిపి, ఉప్పు చూసి, నూనె పోయాలి. లేకపోతే బూజు పడుతుంది. సరిగ్గా ఆ మూడో నాడే వంటావార్పు వచ్చిపడింది. ఉద్యమకారులంతా రోడ్ల మీదే వండుకుని తినే నిరసన అది.

"పొద్దుగాల చౌరస్తల పొయ్యిలు పెట్టొస్త. వచ్చినంక కలుపుదాం," అంది అండాలమ్మ ముందురోజు. "గా జాడీలల్ల ఒకటి నాకు కావాలె. ఎందుకో రేపే చెప్త."

"చూశావా?" అన్నాడు త్రినాథరావు మేడ మీద. "ఇవాళ ఒక జాడీ అడిగింది. రేపు అన్నీ లాక్కుంటారు."

సూర్యప్రభ కిందికి దిగి ఒక్కమాట అడిగి ఉండొచ్చు. అడగలేదు. తెల్లారి అండాలమ్మ అటు వెళ్లగానే, జాడీలు ఆటోలోకెక్కించి మొగుడూ పెళ్లాలు వనస్థలిపురంలోని అన్నగారింటికి బయలుదేరారు. చౌరస్తా దగ్గర కుదుపుకి ఒక మూత జారింది. డ్రైవరు తుమ్ములందుకున్నాడు.

ఆగిన చోట పొయ్యి దగ్గర అండాలమ్మే ఉంది. జాడీలు చూసి మొహం వెలిగిపోయింది.

"ఏందే, నువ్వే తెచ్చినవా! అందరికీ చెప్పిన, మా సూర్యమ్మ తొక్కు బువ్వల కలుపుకొని చూడుండ్రి, ఇగ మీరే కొంటరని..."

అంతలో జాడీల మీది సూట్‌కేసు, తల తిప్పుకున్న త్రినాథరావు కనబడ్డారు. అండాలమ్మ గరిటె దించింది.

"భయమైతే నాకు చెప్పకపోతివా? నిన్నెవరన్న ఒక మాటంటె నేను ఊకుందునా?"

సూర్యప్రభ జారిన మూతను జాడీ మీద పెట్టి నొక్కింది. ఆటో కదిలింది.

వనస్థలిపురంలో జాడీల మూత తీసి కలపడానికి ఆమెకు చేతులు రాలేదు. కొద్దిరోజులకే అన్నీ తెల్లగా బూజు పట్టాయి. "ముందే చెప్పానా?" అన్నాడు త్రినాథరావు. ఇల్లు ఖాళీ చేసిన రోజు అండాలమ్మ బొట్టు పెట్టి పంపింది. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.

ఇప్పటికీ ఎవరైనా ఈ సంగతి ఎత్తితే సూర్యప్రభ మామిడికాయలు తుడవడం ఆపదు.

"అంతా శుద్ధ అబద్ధం. నేనే వ్యాపారమూ పెట్టలేదు. ఏ ఆటో ఆగలేదు. ఆ అండాలమ్మ ఎవరో నాకు తెలీదు."