మాదాపూర్ ల్యాబులో ఎర్ర వెలుగు

కర్నూలు నుంచి వచ్చిన భార్గవి మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరేనాటికి అక్కడ ఇంకా ఎటు చూసినా బండలే. ఐటీ భవనాల కోసం వాటిని పేల్చేవారు. మధ్యాహ్నం ఈల వినిపించేది, వెంటనే నేల అదిరేది, ల్యాబు బీరువాలో గాజుసీసాలు గలగలమనేవి.

కంటికి కనిపించనంత చిన్న స్ఫటికాలను, అంటే క్వాంటమ్ డాట్లను, తయారుచేసి, కరెంటును మోసే ప్లాస్టిక్‌లో కలిపి, గాజు మీద పలచటి పొరగా పరచడం ఆమె పని. బ్యాటరీ కలిపితే ఆ పొర వెలగాలి. ఒక్కసారి ఎర్రగా వెలిగింది. ఆ పూట భార్గవికి అన్నం ధ్యాసే లేదు. సాయంత్రానికి పొర నల్లబడిపోయింది.

డాట్లకు వాడే కాడ్మియం ద్రవం గాలి తగిలితే భగ్గుమంటుంది. దాన్ని సూదితో తీసి, కాగుతున్న ద్రావకంలోకి ఒక్క ఊపున చిమ్మాలి. అందుకే నేల అదిరే మధ్యాహ్నానికి ముందే, ఎప్పుడూ పొద్దున్నే ఆ పని ముగించేది.

ఆ వెలుగు చూడటానికి పెట్టుబడిదారులు వచ్చే రోజున మాత్రం మధ్యాహ్నం దాకా కరెంటు రాలేదు.

"ఇవాళ పేలుళ్లు లేవని కాంట్రాక్టరు చెప్పాడండి. మొదలుపెట్టండి," అన్నాడు యజమాని భీమేశ్వరరావు.

ల్యాబులో సాయం చేసే మొగిలి, ఖాజాగూడవాడు, కిటికీలోంచి చూశాడు. "బండల కాడ పేలుళ్ల ఎర్రజెండా ఇంక తియ్యలేదమ్మా. జర ఆగరాదు?"

భార్గవికీ భయంగానే ఉంది. కానీ ఆ వెలుగును మళ్లీ చూడాలని ఆశ. మొగిలిని బయటికి పంపి, సూది ఎత్తింది.

ఈల వినపడలేదు. నేల అదిరింది. చెయ్యి జారింది. మంట లేచి, గదంతా గోధుమరంగు పొగ కమ్మింది.

మొగిలి లోపలికి ఉరికి ఆమెను బయటికి లాగాడు. ఆమె చెయ్యి కాలింది. అప్పటికి కాస్త దగ్గే అనుకుంది. మర్నాడు ఊపిరాడక దవాఖానలో చేరింది.

ప్రాణం దక్కింది గానీ ఊపిరితిత్తులు మునుపటిలా కాలేదు. బాచుపల్లి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకునేది; మెట్లెక్కాలంటే మధ్యలో ఆగాల్సి వచ్చేది.

తన చోట సౌజన్య అనే అమ్మాయి చేరిందని తెలిసి, ఒకరోజు ల్యాబుకు వెళ్లింది. బయట ఈల మోగుతోంది. కాలిన చెయ్యి చూపించి, జరిగిందంతా చెప్పింది. "ఈ పని వద్దమ్మా," అంది.

సౌజన్య శ్రద్ధగానే వింది. తర్వాత మెల్లగా అడిగింది:

"ఆ పొర ఎంతసేపు వెలిగిందక్కా?"