ఇందు అడిగిన మురికి

కొత్తవాడలో పండరి ఇంటికి వెళ్లినవాళ్లు మొదట రంగులు చూస్తారు. దండేల మీద ఎర్రవి, పచ్చవి, నీలివి నూలు పోగుల చిలపలు నీళ్లు కారుస్తూ వేలాడుతుంటాయి. తర్వాత పండరి కనిపిస్తాడు, మోచేతుల దాకా రంగుతో. ఆ తర్వాత అతని తల్లి లింగమ్మ మాట వినిపిస్తుంది. మూలన కూర్చుని షత్రంజీ తివాచీల నేతకు నూలు కండెలు చుట్టే అతని కూతురు ఇందు మాత్రం, పిలిస్తే తప్ప ఉన్నట్టే తెలియదు.

ఇందు వయసు ఇరవై ఒకటి. పదో తరగతి అయిన వేసవిలో తల్లి పోయింది. వండటానికి, కండెలు చుట్టడానికి మనిషి కావాల్సి వచ్చి చదువు అక్కడితో ఆగింది. కిరాణా కొట్టులో ఉప్పు అడగడానికి కూడా ముందు రెండుసార్లు మనసులో అనుకుని వెళ్లే పిల్ల. నోరు పెగలదు గానీ కళ్లు ఊరుకోవు. కండెల కూలి కూడబెట్టి ఆమె తనకోసం కొనుక్కున్నది ఒకటే, రెండడుగుల అద్దాల తొట్టి. అందులో నాలుగు బంగారు చేపలు. చేయి రాట్నం తిప్పుతుంటే చూపు తొట్టిలో ఉండేది. ఏ చేప ముందు తింటుందో, ఏది ఏ రాయి వెనక నిద్రపోతుందో ఆమెకు తెలుసు.

పండరికి ముప్పై ఏళ్లుగా ఒకటే సూత్రం. రంగు వేసిన నూలును నీళ్లు తేటగా దిగేదాకా జాడించాలి. అమావాస్యకు ఇల్లు కడుగుతూ, ఆ చేత్తోనే చేపల తొట్టి కూడా కడిగేశాడు. నీళ్లన్నీ పారబోశాడు. గులకరాళ్లు తోమాడు. ఫిల్టర్ లోపలి స్పాంజిని నల్లా కింద పెట్టి పిండి పిండి, బూడిదరంగు నీళ్లు తెల్లబడేదాకా వదల్లేదు. తిన్నగా నల్లా నీళ్లే నింపి, "గిప్పుడు సూడు, అద్దమోలె ఉన్నది" అన్నాడు. ఇందు చూసింది. ఏదో తప్పనిపించింది గానీ ఏమిటో తెలియక ఊరుకుంది.

దానికి తోడు పుణ్యం ఒకటి. చేపలకు మేత వేస్తే పుణ్యమని లింగమ్మ పొద్దున్నే గుప్పెడు మరమరాలు వేసేది. పక్కింటి సమ్మమ్మ మధ్యాహ్నం ఇంకో గుప్పెడు వేసేది. చేపలు తినగా మిగిలినవి అడుగున నాని కుళ్లేవి.

నాలుగో రోజుకి చేపలు అడుగుకు వెళ్లడం మానేశాయి. నీటి పైకంటా వచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. మొప్పలు కమిలి ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రం ఒకటి తేలింది. శుక్రవారం పొద్దున ఇంకొకటి.

"దిష్టి తాకిందే. ఎవలి కండ్లు పడ్డయో," అంది లింగమ్మ.

"దిష్టి లేదు, ఏం లేదు. నీళ్లు ఖరాబైనయ్. ఐతారం మళ్ల మొత్తం కడుగుత," అన్నాడు పండరి. "ఇంకోటి సచ్చిందనుకో, డబ్బను పాతసామానోనికి ఇచ్చుడే. పొద్దాక సచ్చిన చేపల మొకం ఎవలు సూస్తరు?"

ఇందు రాట్నం పక్కకు జరిపి లేచింది. సీసాలో తొట్టి నీళ్లు పట్టుకుని హనుమకొండ బస్సెక్కింది.

చేపల దుకాణం ఓంప్రకాశ్ ఆ నీళ్లు చిన్న గాజు గొట్టంలో పోసి, మందు చుక్కలు వేసి ఊపాడు. కాసేపటికి నీళ్లు ఆకుపచ్చగా మారాయి. అట్టమీద సున్నాకు పసుపు నుంచి ఎనిమిదికి ముదురు ఆకుపచ్చ దాకా వరుసగా రంగులున్నాయి. గొట్టాన్ని పక్కన పెట్టి, "అమ్మోనియా ఉందమ్మా. రెండు," అన్నాడు.

"రెండు కాదు," అంది ఇందు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నాలుగుకు దగ్గరున్నది. రెండుల పసుపు కొంచెం ఎక్కువుంటది."

ఓంప్రకాశ్ గొట్టాన్ని వెలుగులోకి తీసుకెళ్లి చూశాడు. "ఎవరి బిడ్డవమ్మా నువ్వు?"

"రంగులేసేటోళ్ల బిడ్డను. ఇది ఎందుకొచ్చింది?"

చేపల మలం, కుళ్లిన మేత కలిసి అమ్మోనియా అవుతుందని, కంటికి కనిపించని జీవాలు దాన్ని తిని నీళ్లను బాగుచేస్తాయని, అవి ఎక్కువగా ఫిల్టర్ స్పాంజిలోనే కాపురం ఉంటాయని చెప్పాడు. స్పాంజిని నల్లా నీళ్లతో కడిగారా అని అడిగాడు. ఇందు తలూపింది.

"ఇంకేముంది, నల్లా నీళ్లల్ల క్లోరిన్‌కు అన్నీ సచ్చినయ్. ఇగో, ఈ మందు తీసుకపో."

"మందు వద్దన్నా. మీ తొట్టిల స్పాంజి ఉన్నది గదా, మురికిది. అండ్లకెళ్లి ఓ ముక్క ఇయ్యుండ్రి."

ఓంప్రకాశ్ నవ్వాడు. "ఇన్నేండ్లల్ల అందరు సాఫ్ చేసే మందు అడిగిండ్రు. మురికి అడిగినదానివి నువ్వే."

ఇచ్చాడు మాత్రం. తొట్టి నీళ్లతో సహా కవర్లో వేసి, నాలుగు జాగ్రత్తలు చెప్పి, చుక్కల మందు, అట్ట కూడా చేతికిచ్చాడు.

ఇంటికొచ్చి ఇందు ఆ నల్లటి ముక్కను ఫిల్టర్లో పెట్టింది. అడుగున కుళ్లిందంతా రబ్బరు గొట్టంతో లాగేసింది. ముందురోజు వాడకానికి పట్టి ఉంచిన, క్లోరిన్ ఎగిరిపోయిన బకెట్ నీళ్లతో మూడోవంతు మాత్రమే మార్చింది. మేత ఆపేసింది. ఎవరూ తెరవకుండా తొట్టి మూతను నూలుతో చుట్టి, మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడి వేసింది.

మధ్యాహ్నం గుప్పిట్లో మరమరాలతో వచ్చిన సమ్మమ్మ ముడి చూసి నిలబడిపోయింది. "ఏందే ఇది, చేపలకు తాళమేసినవా?"

"మూడు రోజులు మేత లేదత్తా."

"పాపం తాకుతది. నోరులేని జీవాలు."

"పుణ్యం అంత కావాల్నంటే వడ్డేపల్లి చెరువు కాడికి పో అత్తా. ఆడ మస్తు చేపలున్నయ్."

సమ్మమ్మ లింగమ్మ వైపు తిరిగింది. "నీ మనుమరాలికి నోరొచ్చింది చూడు." మరమరాలు తనే నోట్లో వేసుకుంటూ వెళ్లిపోయింది.

ఆదివారం పండరి బకెట్ తెచ్చాడు. ఇందు తొట్టికి అడ్డంగా నిలబడింది.

"జరుగు."

"జరగ."

"పది దాక సదివి నాకు కడుగుడు నేర్పుతున్నవా? కడుగుడే నా పని."

"నూలు కడుగు బాపు. ఇది నూలు కాదు." ఇందు తొట్టి మూత మీద చేయి పెట్టింది. "తాత నూలుకు నీలిమందు కుండ పులియబెట్టేటోడట గదా. దాన్ని ఎన్నడన్న కడిగిండా?"

గడప దగ్గర కూర్చున్న లింగమ్మ అందుకుంది. "కడుగుడా? పాత నీళ్లు ఉంటెనే కొత్త నీలం ఎక్కుతది అనేటోడు. నేనొకపారి తెల్వక చెంబెడు పాత నీళ్లు పారబోస్తే మూడొద్దులు మాట్లాడలే."

"ఇది గూడ గట్లనే, నాయనమ్మా. పాతది ఉంటెనే బతుకుతది."

"ఇంకో చేప సస్తే?" అన్నాడు పండరి.

"సస్తే నా చేతుల సస్తది. కడిగి మాత్రం సంపనియ్య. డబ్బ గూడ ఎవలకియ్య, నా పైసలతోని కొన్న."

ఆ ఇంట్లో ఆమె అంత పొడుగు మాట మాట్లాడి చాలా ఏళ్లయింది. పండరి బకెట్ కింద పెట్టి, బీడీ వెతుక్కుంటూ బయటికి వెళ్లాడు.

చేపలు బాగుపడ్డాయో లేదో రెండు రోజుల దాకా చెప్పలేకపోయింది. ఒకటి తోక చీలి, రాయికి ఆనుకుని పడుకునేది. ఇందు వండుతూ వచ్చి చూసేది, చుడుతూ చూసేది. రోజూ మూడోవంతు నీళ్లే మార్చింది. నాలుగో రోజు నుంచి చిటికెడు మేత వేసింది. పదకొండో రోజున గొట్టంలో చుక్కలు వేసి కిటికీ దగ్గర పెట్టింది. రెండు చేపలూ అడుగున గులకరాళ్లు కెలుకుతున్నాయి.

పండరి నడుస్తూ నడుస్తూ ఆగాడు. గొట్టం తీసుకుని వెలుగుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. "పసుపే గని, ఇంక జర పచ్చ కొడుతాంది."

"అవు. రెండొద్దులల్ల అదీ పోతది."

గొట్టం తిరిగిచ్చి, తొట్టిలోకి వంగి ఫిల్టర్ను చూశాడు. వేళ్లు ఊరికే ఉండలేక మూత అంచు తడిమాయి. "మరి గీ స్పాంజి ఎప్పుడు కడుగుతవ్?"

"తొట్టిల నీళ్లే గిన్నెల తీసి, అండ్ల రెండుసార్లు మెల్లగ ఒత్తుత. నల్లా కింద పెట్ట."

"గట్లయితే మురికంత పోదు గదనే."

"పోవద్దు," అంది ఇందు.