గురువుగారి ఛాతీ మీది విభూతి

పంతొమ్మిది వందల డెబ్బైల మధ్యలో ఒక ఎండాకాలం నన్ను పాతబస్తీలోని ఒక ప్రభుత్వ దవాఖానలో ఈసీజీ టెక్నీషియన్‌గా వేశారు. హోదాలో నేను కాంపౌండరుకు కాస్త పైన, నర్సుకు బాగా కింద. చేత మోసుకెళ్లే మిషన్ ఒకటి నాకు అప్పగించారు. బరువులోనూ పరపతిలోనూ అది నాకంటే ఎక్కువే.

రెండో నెలలో మా డాక్టరు గారు నన్ను గౌలిపురాలోని యోగాశ్రమానికి పంపారు. ఆశ్రమమంటే మూడు గదుల పెంకుటిల్లు. గురువుగారు రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, ఏళ్ల తరబడి ఉచితంగా ప్రాణాయామం నేర్పుతున్నారు. శరీరం చెప్పేది వినడమే యోగమని ఆయన బోధ. ఆయన గుండె గ్రాఫును వార్షికోత్సవ సంచికలో అచ్చేసి, యోగికి రోగముండదని రుజువు చేయాలని శిష్యుల పట్టుదల. ఫోటోకే ఒప్పుకోని మనిషి దీనికి వెంటనే ఒప్పుకున్నారట.

ఈసీజీకి ముందు చర్మాన్ని స్పిరిటుతో తుడిచి, జెల్లీ రాసి, తీగలు పెట్టాలి. ఆయన ఛాతీ, చేతుల నిండా విభూతి. తుడవబోతే ప్రధాన శిష్యుడు వెంకటయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కరెంటాఫీసులో గుమాస్తా.

"అన్నా, గా విభూతి ముట్టొద్దు. ఎన్నేండ్ల సాధన ఉన్నదో దాంట్ల."

నేను కొత్త, వాళ్లు పదిహేనుమంది. విభూతి మీదే తీగలు పెట్టాను. తీగ చర్మానికి అంటకపోతే గోడలోని కరెంటు మిషన్లోకి చొరబడి, గీతకు బదులు మందపాటి నల్ల పట్టీ వస్తుంది. అదే వచ్చింది. కుండలిని లేస్తున్నదని వెంకటయ్య చేతులు జోడించి, ఆ కాగితం చించి జేబులో పెట్టుకున్నాడు. అది మీ ఆఫీసు కరెంటేనని చెప్పినా నమ్మలేదు.

గురువుగారు అందరినీ బయట జపం చేసుకోమన్నారు. తలుపు మూశాక ఉత్తరీయంతో తానే విభూతి తుడుచుకున్నారు.

"రెండు దినాలసంది ఛాతిల పట్టేసినట్టున్నది బిడ్డా. నాకు రోగం రాదని నేనెన్నడన్న అన్ననా? వాళ్లే రాసుకున్నరు."

మరి దవాఖానకు రావచ్చు కదా అన్నాను.

"వస్తే పదిహేనుమంది ఎంబడి వస్తరు, లొల్లి. అందుకే సంచిక పేరు మీద దవాఖాననే ఇంటికి రప్పిచ్చిన."

ఈసారి గీత శుభ్రంగా వచ్చింది. అది చెప్పే విషయమే బాగాలేదు. ప్రతి గుండె చప్పుడు చివర కిందికి దిగాల్సిన గీత గోపురంలా లేచి నిలబడింది. కొత్తగా వచ్చిన గుండెపోటుకు గుర్తు అది. టెక్నీషియన్ ఫలితం చెప్పకూడదు, అది డాక్టరు పని. నేను నియమం తప్పలేదు.

"దవాఖానకు పోదాం పాండి అయ్యా, ఆటో పిలుస్త," అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా లేచారు.

డాక్టరు సమక్షంలో మూడు వారాలు శవాసనం, మౌనం అని గురువుగారు శిష్యులకు చెప్పారు. అది అబద్ధమని నేననను. అప్పట్లో గుండెపోటుకు వైద్యం దాదాపు అదే. కదలొద్దన్న రోగుల్లో నిజంగా కదలని వారు మా వార్డులో ఆయనొక్కరే. నాలుగో వారం నడిచి ఇంటికి వెళ్లారు. సంచికలో మాత్రం వెంకటయ్య జేబులోని నల్ల పట్టీయే అచ్చయింది.

రిటైరయ్యే దాకా అదే పని చేశాను. పడుకున్నది ఎవరైనా ముందు స్పిరిటుతో తుడిచాను. నొప్పి ఎక్కడని అడిగేముందు, వెంట వచ్చినవాళ్లను బయటికి పంపాను.