మాస్టారి చేతి డైనమో

మా ఎలక్ట్రికల్ మాస్టారు పోయారని శుక్రవారం ఉదయం ఆయన భార్య, మేమంతా అమ్మగారనే ఆవిడ, ఫోన్ చేశారు. ఆవిడ ఏడవలేదు. "కాఫీ తాగుతూనే పక్కకి ఒరిగిపోయారు నాయనా. నువ్వొస్తావుగా" అన్నారు. వస్తానన్నాను. ఈ ఆరు నెలల్లో ఆ ఇంటికి వస్తానని నేను చాలాసార్లు చెప్పాను. నిలబెట్టుకున్నది ఆ రోజొక్కటే.

బెజవాడ పాలిటెక్నిక్‌లో ఆయన నాకు మూడేళ్లు పాఠం చెప్పారు. ఇప్పుడు ఆ పాఠమే నేను వేరే కాలేజీలో చెబుతున్నాను. ఆయన పాఠం పుస్తకంతో మొదలయ్యేది కాదు. గుడ్డ సంచీలోంచి చేత్తో తిప్పే డైనమో తీసి బల్లకు బిగించి, ఒక్కొక్కర్నీ పిలిచి పిడి తిప్పమనేవారు. బల్బు కలపకపోతే పిడి హాయిగా తిరిగేది. అది తిరుగుతుండగానే స్విచ్ వేసేవారు. బల్బు వెలిగేది, పిడి బరువెక్కేది. రెండో బల్బు వేస్తే ఇంకా బరువు. భుజం లాగేసేది.

"ఆ బరువేరా కరెంటంటే. బల్బులోకి పోతున్నది నీ సత్తువే" అనేవారు. ఆ తర్వాత ఎప్పుడూ అనే మాట ఇంకొకటుంది. "వెలుగొస్తున్నా నీ చెయ్యి నొప్పెట్టలేదంటే ఇంకెవడి చెయ్యో నొప్పెడుతోందని. వాడెవడో వెతుకు."

గదిలోంచి బయటికొస్తే ఫ్యాను ఆపకుండా రారు. పెళ్లికి వెళ్లినా అంతే, విడిదింట్లో ఊరికే తిరుగుతున్న ఫ్యాన్లు ఆపుకుంటూ వెళ్లేవారు. అమ్మగారికి తల కొట్టేసినట్టుండేది. మేం ఫోన్లలో అయస్కాంతంతో తిరిగే మోటార్లూ, పెట్రోలక్కర్లేని జనరేటర్లూ చూపిస్తే చివరిదాకా ఓపిగ్గా చూసి ఒక్కటే అడిగేవారు, ఆ బల్ల కింద ఏముందో చూపించాడా అని.

ఆ ప్రశ్న నేను అడగాల్సిన చోట అడగలేదు.

కిందటేడు గన్నవరం దగ్గర ఒక కల్యాణమండపంలో అలాంటి యంత్రం ప్రారంభోత్సవానికి పిలిచారు. చేసినాయన నా పాత విద్యార్థికి మేనమామ. మోటారు జనరేటర్ని తిప్పుతుందట, జనరేటరు ఇచ్చే కరెంటుతో మళ్లీ మోటారే తిరుగుతుందట, పైగా ఇంటికి సరిపడా మిగులుతుందట. మిగలదు. తిప్పినప్పుడల్లా కొంత వేడిగా పోతుంది, బయటి నుంచి అందకపోతే రెండూ ఆగిపోతాయి. ఇది నేను ఏటా పిల్లలకు చెప్పే పాఠం. యంత్రం అడుగున రేకు బిగించి ఉండటం చూశాను. విప్పమని అడుగుదామనుకునేలోపే శాలువా కప్పారు, మైకు చేతికిచ్చారు. మొహమాటం. "ఇలాంటి ప్రయత్నాలను మనం ప్రోత్సహించాలి" అన్నాను. చప్పట్లు కొట్టారు.

వారం తిరగకుండా కరపత్రం వచ్చింది. అందులో నా ఫోటో, కింద 'ఎలక్ట్రికల్ లెక్చరర్ గారు స్వయంగా పరీక్షించి మెచ్చుకున్న యంత్రం' అని. చూసి నవ్వి ఊరుకున్నాను. నవ్వినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

కృత్తివెన్ను వైపు ఒక రొయ్యల రైతు ఆ కాగితం నమ్మి డీజిల్ జనరేటర్ అమ్మేసి ఈ యంత్రం పెట్టుకున్నాడు. ముసురు పట్టిన రోజు కరెంటు పోయింది. చెరువులో గాలి కలిపే ఏరేటర్లను యంత్రం అరగంట తిప్పి ఆగిపోయింది. రేకు విప్పితే లోపల బ్యాటరీలు. నీళ్లలో ఊపిరాడక రొయ్యలన్నీ గట్టు వారకు చేరి చచ్చిపోయాయి.

ఆ కబురూ కరపత్రమూ మాస్టారి దాకా వెళ్లాయి. ఫోన్ చేశారు. కోప్పడతారనుకున్నాను.

"కింద చూశావా?"

"లేదండీ. అంతమందిలో అడిగితే బాగుండదని..."

"బాగుండదని" అని ఆ మాటే మళ్లీ అన్నారు. "ఆ రైతు దగ్గరికెళ్లి తప్పయిందని చెప్పు. నేనూ వస్తాను" అన్నారు.

వస్తానన్నాను. ఇంటికొచ్చి మిమ్మల్ని తీసుకెళ్తానని ప్రతిసారీ చెప్పి, ఒకసారి పరీక్షలన్నాను, ఒకసారి మా ఆవిడకు జ్వరమన్నాను. నిజానికి ఆ గట్టు మీద నిలబడటానికి భయం. చూసి చూసి, బరువులు మోయొద్దని డాక్టరు చెప్పిన ఆ మనిషి డైనమో సంచీ భుజాన వేసుకుని ఎండలో మూడు బస్సులు మారి తనే వెళ్లారట. ఇంకా ఎవరెవరు ఆ యంత్రం కొన్నారో కనుక్కుని ఆ ఊళ్లకూ వెళ్లి తనే పిడి తిప్పి చూపించారట. ఇదంతా అమ్మగారు చెబితేనే తెలిసింది. ఆయన నాకు చెప్పలేదు.

శుక్రవారం వెళ్లేసరికి మాస్టారిని వసారాలో పడుకోబెట్టారు. గోడ వారగా ఎండకు నల్లబడ్డ మనిషి ఒకాయన నిలబడి ఉన్నారు. కృత్తివెన్ను నుంచి వచ్చారని ఎవరో అన్నారు. ఆయనకు నా ముఖం తెలియదనుకున్నాను. తెలియనట్టే వెళ్లిపోవచ్చు కూడా. మాస్టారి ఎదుట అది చేతకాలేదు.

"ఆ కాగితంలో ఫోటో నాదేనండీ. తప్పు చేశాను" అన్నాను.

"తెలుసండీ. మీరొస్తారని మాస్టారు చెప్పారు. చాన్నాళ్లు చూశాం." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. మళ్లీ ఆయనే అడిగారు. "మా గట్టు మీద ఆయన నా చేత పిడి తిప్పించారు. అప్పుడర్థమైంది నాకు. మీరు చదువుకునేటప్పుడే తిప్పారంట కదండీ?"

తిప్పానన్నాను.

పాడె ఎత్తేటప్పుడు ఆ రైతు ముందు వైపు భుజం పట్టారు. నేను వెనక నడిచాను. మాస్టారి చేతుల బొటనవేళ్లు రెండూ కలిపి తెల్ల దారంతో కట్టారు. కుడి అరచెయ్యి కాస్త పైకి తిరిగి ఉంది. వేళ్ల మొదట్లో, పిడి ఒరుసుకునే చోట, మానీ మానని బొబ్బలు.